చవక ఏటీవీకి ఇంటి రిపేర్లు, రక్షణ బిగింపులు: అనంతపురం వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ రాసినదంతా 110, 125 సీసీ చైనా తయారీ ఏటీవీల గురించే, అంటే బైకు హ్యాండిల్, లావు టైర్లతో మట్టి నేల మీద నడిచే నాలుగు చక్రాల బళ్లు. చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్పు లైన్లు చూసి రావడానికి, మందు డబ్బాలు మోయడానికి, సెలవుల్లో పిల్లల సరదాకు కొనే రకం. ఖరీదైన బళ్లకు కంపెనీ సర్వీసు ఉంటుంది. వీటికి మనమే సర్వీసు.

చైనా ఇంజన్ అంటున్నారు. నాలుగు రోజులకే కూర్చుంటుందా?

ఇంజన్ గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. ఈ బళ్లలో చాలా వాటికి ఉండేది పడుకోబెట్టిన సిలిండర్ ఇంజన్. హోండా 1958లో తెచ్చిన సూపర్ కబ్ నుంచి వచ్చిన వంశం అది. మన రోడ్ల మీద తిరిగే పాత సీడీ 100, స్ప్లెండర్ ఇంజన్లు కూడా ఆ వంశానివే. పార్టులన్నీ అచ్చంగా ఒకదానికొకటి సరిపోతాయని కాదు. కానీ స్ప్లెండర్ ఇంజన్ విప్పి బిగించిన మెకానిక్ ఎవరైనా దీన్ని చూసి భయపడడు. అలాంటి మెకానిక్ మన ప్రతి మండల కేంద్రంలోనూ ఉంటాడు.

ధర తగ్గించడానికి కంపెనీ కక్కుర్తి పడేది వేరే చోట్ల: నట్లు బోల్టులు, రబ్బరు పైపులు, వైరింగు, బేరింగులు, ఛాసిస్ మీద పెయింటు. మీ డబ్బులు కూడా ముందు అక్కడే పెట్టండి. రంగుల స్టిక్కర్లు, పెద్ద సైలెన్సర్ తర్వాత చూసుకోవచ్చు.

కొత్త బండి ఇంటికి వచ్చింది. మొదట ఏం చేయాలి?

స్టార్ట్ చేయకండి. ముందు పానాలు తీయండి.

ఇవి పెట్టెలో విడి భాగాలుగా వస్తాయి, అమ్మే చోట బిగిస్తారు. ఆ బిగింపును నమ్మొద్దు. నాలుగు చక్రాల నట్లు, ముందు హబ్బుల నట్లు, హ్యాండిల్ క్లాంపులు, టై రాడ్ (హ్యాండిల్ నుంచి ముందు చక్రాలను తిప్పే కడ్డీ) చివర్లు, షాక్ అబ్జార్బర్ బోల్టులు, ఇంజన్ మౌంటింగులు, వెనక యాక్సిల్ చివర ఉండే జంట నట్లు, అన్నీ ఒక వరుసలో చూసుకుంటూ వెళ్లండి. స్ప్లిట్ పిన్ ఉండాల్సిన చోట నిజంగా ఉందా, కాళ్లు విడదీసి వంచారా చూడండి. పిన్ లేని హబ్బు నట్టు దొరకడం వింతేమీ కాదు.

మెత్తగా, తల అరిగిపోయేలా ఉన్న బోల్టులు కనబడితే మార్చేయండి. హార్డ్‌వేర్ షాపులో తల మీద 8.8 (గట్టిదనం గుర్తు) అని గుద్ది ఉన్న బోల్టు, దానికి నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వదులు కానిది) అడగండి. వణుకు ఎక్కువ ఉండే చోట థ్రెడ్ లాకర్ (మరలను పట్టి ఉంచే గమ్ము) నీలం రంగుది ఒక చుక్క చాలు. ఎరుపుది వేస్తే మళ్లీ విప్పడానికి గ్యాస్ సెగ పెట్టాల్సి వస్తుంది.

బిగించాక నట్టు మీదుగా బోల్టు మీదకు నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీయండి. వారం తర్వాత గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తే ఆ నట్టు వదులైనట్టే. పానా పెట్టకుండా, వంగి ఒక చూపు చూస్తే తెలిసిపోతుంది. మా ఇంట్లో ఆ సీసా ఇప్పుడు పూర్తిగా టూల్ బాక్సుకే అంకితం.

తర్వాత ఆయిల్. పెట్టెలో వచ్చిన ఆయిల్ ఏదో ఎవరికీ తెలియదు. తీసేసి 20డబ్ల్యూ-40, జాసో ఎంఏ అని డబ్బా మీద రాసి ఉన్న బైక్ ఆయిల్ పోయండి. కారు ఆయిల్ వద్దు, దాంతో ఆయిల్‌లోనే మునిగి ఉండే తడి క్లచ్ జారుతుంది. 800, 900 మిల్లీలీటర్ల దగ్గర సరిపోతుంది కానీ చివరి మాట డిప్‌స్టిక్‌దే. ఐదారు గంటలు నడిచాక ఆ ఆయిల్ కూడా తీసేయండి. కొత్త ఇంజన్ అరిగిన మెరుపు పొడి అందులో కనిపిస్తుంది. ఈ ఇంజన్లలో కార్ల మాదిరి మార్చే ఆయిల్ ఫిల్టర్ ఉండదు, చిన్న జల్లెడ మాత్రమే ఉంటుంది. అందుకే ఆయిల్ తొందరగా మార్చడమే మన చేతిలో ఉన్న మందు.

ఊళ్లోకి, రోడ్డు మీదకు తీసుకెళ్లొచ్చా?

లేదు. ఈ బళ్లకు రిజిస్ట్రేషన్ ఉండదు, నంబరు రాదు, ఇన్సూరెన్స్ రాదు. పబ్లిక్ రోడ్డు మీద నడిపితే మోటారు వాహనాల చట్టం కింద కేసు అవుతుంది. సొంత పొలం, సొంత స్థలం వరకే. పొలం దూరమైతే ట్రాలీలో ఎక్కించుకుపోవడమే దారి. ఆ టైర్లు తారు రోడ్డుకు చేసినవి కావు, వెనక యాక్సిల్‌కు డిఫరెన్షియల్ కూడా ఉండదు. తారు మీద స్పీడులో మలుపు తిప్పితే ఒక పక్క చక్రం లేస్తుంది.

ఎర్ర దుమ్ము నుంచి ఇంజన్‌ను ఎలా కాపాడుకోవాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి. మన వైపు ఈ ఇంజన్లను చంపేది దుమ్మే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా, ఎక్కువ నెలలు నేల పొడిగానే ఉంటుంది. ముందు ఒక ట్రాక్టర్ పోతుంటే వెనక బండి పీల్చేదంతా మట్టే. ఆ మట్టిలో ఉండే సన్న ఇసుక రింగులను, బోరును అరగదీస్తుంది. కొన్నాళ్లకు సైలెన్సర్ నుంచి నీలం పొగ, తర్వాత బోరు పని.

వచ్చే ఫిల్టర్ చిన్న స్పాంజి ముక్క. అది పొడిగా ఉంటే సన్న దుమ్మును ఆపలేదు, ఆయిల్ పట్టించాలి. కిరోసిన్‌లో గానీ సబ్బు నీళ్లలో గానీ కడిగి, పిండి, పూర్తిగా ఆరబెట్టండి. పెట్రోల్‌లో కడిగితే స్పాంజి అంటించిన గమ్ము వదిలేస్తుంది, నిప్పు భయం సరేసరి. ఆరాక రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ వేసి అంతటా పట్టేలా పిసికి, మళ్లీ గట్టిగా పిండండి. కారేంత ఆయిల్ ఉంటే కార్బొరేటర్‌కు గాలి అందదు. స్పాంజిని మెలి తిప్పి పిండొద్దు, చిరుగుతుంది. అరచేతుల మధ్య నొక్కండి చాలు.

వేరుశనగ పీకే రోజుల్లో, కళ్లం పనులప్పుడు ప్రతి రెండు మూడు రోజులకు ఒకసారి విప్పి చూడాలి. మిగతా రోజుల్లో వారానికోసారి.

ఫిల్టర్ బాగున్నా దుమ్ము పక్కదారిన పోతుందేమో చూసుకోండి. ఫిల్టర్‌కు, కార్బొరేటర్‌కు మధ్య ఉన్న రబ్బరు గొట్టం లోపల వేలితో పలచగా గ్రీజు రాయండి. ఒక రోజు నడిపాక విప్పి గుడ్డతో తుడవండి. గ్రీజు రంగు మారకపోతే అంతా బాగున్నట్టు. ఎర్రగా వచ్చిందా, క్లాంపు దగ్గరో గొట్టం చీలికలోనో గాలి లాగుతోంది. ఎర్ర నేలతో ఉన్న ఒకే ఒక సుఖం ఇది, దొంగ వెంటనే దొరుకుతాడు.

ఫిల్టర్ పైన పాత నైలాన్ సాక్సు తొడగడం కూడా పనికొచ్చే పనే. పెద్ద చెత్త, గడ్డి అక్కడే ఆగిపోతాయి. రెండు మూడు పొరలు తొడిగితే మాత్రం పిక్‌అప్ పోతుంది.

కంప ముళ్లతో రోజూ పంక్చర్. ట్యూబులు వేయించాలా?

వద్దు. ఈ టైర్లలో గాలి చాలా తక్కువ, చాలా మోడళ్లలో 3 నుంచి 6 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) మధ్యే. మీ బండి స్టిక్కర్ మీద ఎంత రాశారో అదే పాటించండి. అంత తక్కువ గాలితో టైరు రిమ్ము మీద కొద్దికొద్దిగా జరుగుతుంది. లోపల ట్యూబు ఉంటే దాని వాల్వు మొదలు చిరుగుతుంది. అప్పుడు ముల్లు లేకుండానే పంక్చర్.

ట్యూబ్‌లెస్ టైర్లకు పోసే సీలెంట్ ద్రవం పోయించండి. సర్కారు తుమ్మ ముళ్లకు, పల్లేరు కాయలకు అది బాగా పనిచేస్తుంది. పదునైన రాయి కోసిన గాటుకు పనిచేయదు, దానికి లోపలి నుంచి ప్యాచ్ వేయాల్సిందే. ముల్లు బయటికి కనిపిస్తున్నా గాలి పోకపోతే పొలంలో పీకొద్దు. ఇంటికి వచ్చాక పీకి, వెంటనే చక్రం తిప్పితే సీలెంట్ రంధ్రం దగ్గరకు చేరుతుంది.

పెట్రోల్ బంకు గాలి మీటరు ఇంత తక్కువ అంకెలకు పనికిరాదు. కళ్లు మూసి తెరిచేలోపు 20 దాటిస్తారు. చిన్న కాలి పంపు, తక్కువ పీఎస్ఐ చూపే మీటరు ఇంట్లో పెట్టుకోండి.

అడుగున ప్లేటు బిగించాలనుకుంటున్నాను. ఏ రేకు, ఎంత మందం?

కడప బండల క్వారీల దగ్గర, బేతంచెర్ల వైపు రాతి నేలల్లో తిరిగే వాళ్లకు ఇది తప్పనిసరి. ఇంజన్ కింద ఉండే ఆయిల్ డ్రెయిన్ బోల్టుకు ఒక రాయి తగిలితే పగిలేది అల్యూమినియం కేసింగ్. దాని ముందు ప్లేటు ఖర్చు ఏపాటి?

3 మిల్లీమీటర్ల ఎంఎస్ (మామూలు ఇనుప) ప్లేటు చాలు. అడుగు వెడల్పు, రెండున్నర అడుగుల పొడవు ముక్క ఐదున్నర కిలోలు తూగుతుంది. అదే కొలతలో 4 మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే రెండున్నర కిలోలే, తుప్పు కూడా పట్టదు, కానీ ధర ఎక్కువ. 5, 6 మిల్లీమీటర్ల ఇనుము వేయించుకుని యుద్ధ ట్యాంకు చేసేవాళ్లున్నారు. 110 సీసీ ఇంజన్‌కు ఆ బరువు దండగ, షాకులు కూడా తొందరగా కూర్చుంటాయి.

చేయించేటప్పుడు వెల్డింగ్ షాపులో ఇవి గట్టిగా చెప్పండి. ముందు అంచు పైకి వంచాలి, లేకపోతే రాయికి తగిలి జారాల్సింది పోయి గుచ్చుకుంటుంది. ఇంజన్ కేసింగ్‌కు, ప్లేటుకు మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. డ్రెయిన్ బోల్టుకు ఎదురుగా 17 నంబరు సాకెట్ దూరేంత రంధ్రం పెట్టించండి. ఈ రంధ్రం మర్చిపోతే ఆయిల్ మార్చిన ప్రతిసారీ ప్లేటు మొత్తం విప్పాలి, అప్పుడు ఆయిల్ మార్చడమే మానేస్తారు. బురద, నీళ్లు దిగడానికి ఇంకో నాలుగైదు చిన్న రంధ్రాలు. సిలిండర్ రెక్కలకు ముందు నుంచి వచ్చే గాలికి ప్లేటు అడ్డం రాకూడదు.

ప్లేటును ఛాసిస్‌కు వెల్డింగ్ చేయొద్దు. యూ క్లాంపులతో బిగించండి, మధ్యలో పాత ట్యూబు ముక్కలు పెట్టండి. చప్పుడు తగ్గుతుంది, పైపు మీద పెయింటు గీసుకోదు.

ఇంజన్ కంటే కిందకు వేలాడేవి వెనక యాక్సిల్ మీద ఉన్న స్ప్రాకెట్, బ్రేక్ డిస్కు. వాటి సంగతి ఎవరూ పట్టించుకోరు. రాయికి తగిలి డిస్కు వంగితే బ్రేకు పట్టినప్పుడల్లా పెడల్ కొట్టుకుంటుంది. స్వింగ్ ఆర్మ్‌కు బిగిసే చిన్న వంపు ప్లేటు రెండింటికీ చేయించండి. ముందు ఆర్ముల కింద ఇనుము అక్కర్లేదు. తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల నుంచి పాత కన్వేయర్ బెల్టు ముక్కలు దొరికితే తెచ్చి కట్టండి. రాళ్ల దెబ్బకు ఆ రబ్బరు ఇనుము కంటే బాగా ఓర్చుకుంటుంది. మిగిలిన ముక్కలు మడ్‌గార్డు చివర వేలాడదీయొచ్చు.

బంపర్ కోసం బండి మీదే వెల్డింగ్ చేస్తామంటున్నారు. ఫర్వాలేదా?

బండి మీద కాకుండా విడిగా చేయించి బోల్టులతో బిగించడం మేలు. తప్పదంటే ముందు పెట్రోల్ ట్యాంకు విప్పి దూరంగా పెట్టండి, బ్యాటరీ రెండు వైర్లూ తీయండి, సీడీఐ (ప్లగ్గుకు నిప్పురవ్వ పంపే చిన్న పెట్టె) సాకెట్ పీకండి. ఎర్తు క్లాంపు వెల్డింగ్ చేసే చోటుకు దగ్గరగా పెట్టమనండి. ఎక్కడో చక్రానికి పెడితే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని పాడుచేస్తుంది. హ్యాండిల్ రాడ్డు, టై రాడ్, ముందు ఆర్ములు విరిగితే వెల్డింగ్ పెట్టి మళ్లీ వాడొద్దు. కొత్తవి కొనండి, అంతే.

వెల్డింగ్ అయిన చోట ఎమెరీ పేపర్ రుద్ది రెడాక్సైడ్ రెండు కోట్లు, దాని మీద పెయింటు. కొమ్మలు చేతులకు కొట్టకుండా హ్యాండిల్‌కు బైకులకు అమ్మే చేతి గార్డులు చాలావరకు సరిపోతాయి. చీనీ ముళ్ల మధ్య తిరిగేవాళ్లకు వాటి విలువ చెప్పనక్కర్లేదు.

నల్లరేగడిలో తిరిగొచ్చాక ఎలా కడగాలి?

అదే రోజు కడగాలి. నంద్యాల, ఆదోని వైపు వాళ్లకు తెలుసు, ఆ మట్టి ఆరితే సిమెంటులా పట్టేస్తుంది. సిలిండర్ రెక్కల మధ్య అది నిండితే గాలితో చల్లబడే ఇంజన్‌కు చల్లబడే దారే ఉండదు. ఇంజన్ చల్లారాక మామూలు పైపు నీళ్లతో నానబెట్టి పుల్లతో, బ్రష్‌తో తీయండి. సర్వీస్ సెంటర్ ప్రెజర్ గన్ చక్రాల బేరింగుల మీద, స్విచ్చుల మీద, ఎయిర్ ఫిల్టర్ మీద కొట్టనివ్వొద్దు.

మడ్‌గార్డు ప్లాస్టిక్ పగిలింది. అరల్డైట్ నిలవడం లేదు.

నిలవదు. ఆ ప్లాస్టిక్ ఎక్కువగా పాలీ జాతిది, దానికి గమ్ములు అంటుకోవు. చీలిక చివర 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో ఒక రంధ్రం వేయండి, చీలిక ఇక ముందుకు పోదు. తర్వాత చీలికకు అటూ ఇటూ రంధ్రాలు వేసి కేబుల్ ట్యాగులతో కుట్టండి. చూడ్డానికి ఆసుపత్రి కుట్లలా ఉంటుంది కానీ బండి వణుకుతో పాటు అది కూడా కొంచెం వంగుతుంది కాబట్టి గట్టిగా చేసిన అతుకు కంటే ఎక్కువ కాలం ఉంటుంది.

సెల్ఫ్ నొక్కితే ఏమీ రావడం లేదు.

ముందు తేలికవి చూడండి. ఎర్ర కిల్ స్విచ్ ఆన్‌లో ఉందా? వెనక పీకే తాడు స్విచ్ ఉంటే దాని టోపీ పెట్టారా? గేరు న్యూట్రల్‌లో ఉందా? బ్రేకు లివర్ పట్టుకుని నొక్కారా? చాలా మోడళ్లలో బ్రేకు పట్టకుండా సెల్ఫ్ తీసుకోదు. నాకు వచ్చే ఫోన్లలో సగం ఇక్కడే తేలిపోతాయి.

అవన్నీ సరిగా ఉన్నా చప్పుడే లేకపోతే బ్యాటరీ పక్కన ఉన్న ఫ్యూజు. టిక్ టిక్ మని ఆగిపోతే బ్యాటరీ దిగింది. మల్టీమీటర్ పెడితే నిండు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య చూపాలి. చూపకపోతే ఛార్జింగ్ లేదు, బ్యాటరీ మార్చి లాభం లేదు. 4 ఏహెచ్ బ్యాటరీకి ఛార్జింగ్ అర ఆంపియర్ లోపే పెట్టాలి, కారు ఛార్జర్ తగిలిస్తే ఉడికిపోతుంది.

సెల్ఫ్ తిరుగుతోంది కానీ అందుకోవడం లేదంటే ప్లగ్గు తీసి చూడండి. చాలా బళ్లలో ఏ7టీసీ రకం వస్తుంది, దానికి బదులు ఎన్‌జీకే సీ7హెచ్ఎస్ఏ పడుతుంది. సందు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. ప్లగ్గు బాగుండి, నిప్పురవ్వ వచ్చి, పెట్రోలూ వస్తున్నా పొద్దున పూట మొండికేస్తుంటే వాల్వు క్లియరెన్స్ చూపించండి. చల్లగా ఉన్నప్పుడు 0.05 మిల్లీమీటర్లు పెడతారు.

పెట్రోల్ పైపు ఏడాదిలోనే మెత్తబడి చీలిపోయింది. ఎందుకు?

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చవక రబ్బరును అది ఉబ్బిస్తుంది, గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఇథనాల్‌ను తట్టుకునే మంచి పైపు వేసి, మధ్యలో చిన్న పారదర్శక ఫిల్టర్ పెట్టండి. బండి పది రోజులు పక్కన పెట్టేటట్టయితే ట్యాంకు కుళాయి కట్టేసి, ఇంజన్ దానంతట అదే ఆగిపోయే వరకు నడపండి. కార్బొరేటర్ గిన్నె ఖాళీ అవుతుంది, జెట్టు మూసుకుపోదు. కార్బొరేటర్ పనులన్నింటిలోకీ ఈ ఒక్క అలవాటే ఎక్కువ డబ్బు మిగులుస్తుంది.

హ్యాండిల్ ఒక పక్కకు లాగుతోంది.

ముందు రెండు టైర్లలో గాలి సమానంగా ఉందో చూడండి. ఉంటే, హ్యాండిల్ నిటారుగా పెట్టి, ముందు టైర్ల మధ్య దూరం టేపుతో కొలవండి: ఒకసారి టైర్ల ముందు వైపు, ఒకసారి వెనక వైపు, రెండూ యాక్సిల్ ఎత్తులోనే. ముందు కొలత 3 నుంచి 5 మిల్లీమీటర్లు తక్కువ ఉంటే మంచిది. తేడా ఎక్కువైతే టై రాడ్ లాక్ నట్టు వదులు చేసి తిప్పి సరిచేయాలి. టై రాడ్ వంగి ఉంటే సరిచేయొద్దు, మార్చండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టక్ టక్ మంటే బేరింగు గానీ బాల్ జాయింట్ గానీ పోయింది. బేరింగు మీద నంబరు గుద్ది ఉంటుంది, పాతది జేబులో వేసుకుని బేరింగుల షాపుకు పోతే పని అయిపోతుంది.

చైన్‌కు ఏ ఆయిల్?

చిక్కటి ఆయిల్ వద్దు, దుమ్ము అంటుకుని అరుగుతుంది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, పలచటి చైన్ ఆయిల్ వేసి, పైన ఉన్నది తుడిచేయండి. మధ్యలో 15 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. లింకు క్లిప్పు మూసి ఉన్న వైపు చైన్ పోయే దిశలో ఉండాలి. కొత్తది కొనేటప్పుడు లింకు మీద ఉన్న 420, 428 లాంటి నంబరు చూసుకోండి.

పైన నీడకు ఇనుప టాప్, వెనక ఇంకొకరు కూర్చునే సీటు చేయిస్తే?

రెండూ వద్దు. ఏటీవీ నడిపే మనిషి మలుపులో, గట్టు మీద తన బరువు అటూ ఇటూ మార్చుకుంటేనే నిలబడే బండి ఇది. వెనక ఇంకొకరు కూర్చుంటే ఆ చోటు ఉండదు. బరువంతా వెనక్కి పోయి, గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తాయి. పైన టాప్ పెడితే బరువు పైకి పోతుంది, తిరగబడితే ఆ ఇనుము మనిషి మీదే పడుతుంది.

ఆస్ట్రేలియాలో పొలం పనులకు ఇవి బాగా వాడతారు, తిరగబడి చనిపోయినవాళ్లూ ఎక్కువ. అక్కడ 2021 అక్టోబరు 11 నుంచి పనులకు వాడే ఏటీవీలు మనిషిని కాపాడే సాధనం బిగించి ఉంటేనే అమ్మాలి. అది లెక్క కట్టి, పరీక్షించి చేసిన సాధనం. మన వెల్డింగ్ షాపులో కంటి అంచనాతో వంచిన పైపు దానికి సాటి రాదు.

పిల్లలు నడపొచ్చా?

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 16 ఏళ్ల లోపు వాళ్లెవరూ ఏటీవీ నడపకూడదంటుంది. నా మాట కూడా అదే. ఎంత చెప్పినా ఇంట్లో వినరు కాబట్టి ఇదీ చెబుతున్నా: థ్రాటిల్ పెట్టె మీద వేగం తగ్గించే స్క్రూ ఉంటుంది, దాన్ని పూర్తిగా లోపలికి తిప్పి లాక్ నట్టు బిగించండి. హెల్మెట్ లేకుండా తాళం చెవి ఇవ్వొద్దు. రిమోట్ కిల్ ఉంటే అది పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. బావి, కాలువ గట్టు, ఫారం పాండ్ ఉన్న పొలంలో అసలే వద్దు.

పెద్ద ఎల్ఈడీ బార్ పెట్టించుకోవచ్చా?

20 వాట్ల లోపు ఒకటి, దానికి విడి ఫ్యూజు, విడి స్విచ్. అంతకు మించితే ఛార్జింగ్ కంటే ఖర్చు ఎక్కువై బ్యాటరీ దిగుతుంది. వైర్లను ప్లాస్టిక్ గొట్టంలో తొడగండి, సైలెన్సర్‌కు దూరంగా కట్టండి. షెడ్డులో శనక్కాయ మూటలు ఉంటే ఎలుకలు వస్తాయి, సీటు కింది వైరింగుకు కూడా వస్తాయి. నెలకోసారి సీటు ఎత్తి చూడండి.

బ్రేకు లివర్ మెత్తగా లోపలికి పోతోంది.

హైడ్రాలిక్ అయితే గాలి చేరింది. మూత మీద రాసిన డాట్ 3 లేదా డాట్ 4 ద్రవమే పోసి గాలి తీయించండి, వేరే ఆయిల్ ఏదీ పోయొద్దు, లోపలి రబ్బర్లు ఉబ్బి బ్రేకు పట్టేస్తుంది. ఒలికిన చోట వెంటనే నీళ్లతో కడగండి, పెయింటు తినేస్తుంది. ముందు డ్రమ్ బ్రేకులైతే కేబుల్ సాగి ఉంటుంది, బిగించుకుంటే చాలు. ఎలాగైనా సరే, ఇది తేలే వరకు బండి తీయొద్దు.

పొలానికి పోయేటప్పుడు వెంట ఏం ఉంచుకోవాలి?

ఒక ప్లగ్గు, ప్లగ్గు పానా, 10, 12, 14, 17 నంబర్ల పానాలు, ప్లయర్స్, రెండు ఫ్యూజులు, చైన్ లింకు, కొన్ని ట్యాగులు, అడుగు పొడవు పెట్రోల్ పైపు, ట్యూబ్‌లెస్ ప్యాచ్ కిట్టు, కాలి పంపు. ఎండాకాలంలో వీటన్నిటికంటే ముందు ఐదు లీటర్ల నీళ్ల క్యాను, ఇంజన్ మీద పోయడానికి కాదు, తాగడానికి. కాలిన సిలిండర్ మీద చన్నీళ్లు పోస్తే పగులుతుంది. వేడెక్కితే చెట్టు నీడన అరగంట ఆపండి.